ఆకు మీద ఆకలి

పాడేరు సంత రోజు. పురుగుమందుల కొట్లో ఒకామె ఖాళీ సీసా తెచ్చి బల్ల మీద పెట్టగానే, తగువుకే వచ్చిందనుకున్నాడు కొట్టాయన.

“ఇదేటి మందు బాబూ? కొట్టి రెండ్రోజులైనాది. క్యాబేజీ మీద పురుగులు ఇంకా బతికే ఉన్నాయి.”

“ఉంటాయి. తింటన్నాయా?”

“లేదు. ఆకు మీదే ఊరికే పడున్నాయి.”

“అదే మరి! కండలోని కణాల్లో కాల్షియం సంచులుంటాయమ్మా. సంచి తలుపు తెరుసుకుంటే కండ బిగుస్తాది, మూసుకుంటే వదులవుతాది. మా మందు ఆ తలుపు మూసుకోనీదు. కాల్షియం కారిపోతానే ఉంటాది, దవడ బిగుసుకుపోతాది. ఆకు నోటికాడే ఉంటాది, కొరకలేదు.”

“ఆకలి తెలుస్తాదా దానికి?”

“తెలీకేం! మూడ్రోజులు మాడి మాడి సస్తాది.” అతను గర్వంగా నవ్వాడు. “పురుగు మీద జాలేటమ్మా నీకు?”

“మా ఇంటాయనకీ మొన్న పచ్చవాతం వొచ్చి నోరు పడిపోనాది. సెయ్యీ లేవట్లేదు.”

“అయ్యో! మరి నువ్వే తినిపిత్తన్నావా?”

“పూటపూటా కంచం ఎదురుగా పెడతన్నాను.”

“పెట్టి ఊరుకుంటే ఎలాగ? తినిపించవా?”

“పదేళ్లు నా కంచాన్ని కాలితో తన్నీసినోడికా?”

ఆమె బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది.

“పురుక్కి మూడ్రోజులన్నావు. మనిసికెన్నాళ్లు బాబూ?”