వాచీ చెప్పిన సాక్ష్యం

పొద్దున పదింటికి, నిద్ర వైద్యురాలి గది. డాక్టరు, క్రేన్ నడిపే ఆయన, ఆయన భార్య సంగీతం టీచరు.

"నలభై సార్లా? రాత్రంతా కలిపి నలభయ్యా?"

"గంటకి నలభై అండీ. గంటకి నలభై సార్లు మీకు ఊపిరి ఆగుతోంది. పధ్నాలుగు రాత్రులూ మీ చేతికి కట్టుకోమని నేనిచ్చిన వాచీ అదే చెప్పింది."

"అయ్యో! నాకేం తెలుసు డాక్టరుగారూ, నేను పడుకుంటే పిడుగు పడ్డా లేవను."

"నువ్వాగవే. డాక్టరుగారూ, వాచీ ఊపిరి కూడా చూస్తుందా? నిద్రే లెక్కపెడుతుందనుకున్నానే!"

"అన్నీ చూస్తుంది. తమాషా ఏంటంటే, నిద్ర పట్టదని కదా మీరొచ్చారు? దీని లెక్కలో రోజూ ఎనిమిది గంటలు పడుకున్నారు."

"చూశారా! పడుకుంటున్నాగా! నేను పనికి పనికొస్తానని ఆ కాగితం మీద సంతకం పెట్టేయండి. సోమవారం క్రేన్ ఎక్కకపోతే నా సీటు ఇంకొకడికిచ్చేస్తారు."

"ఉండండి. ఈ డైరీ మీరు రాసిందేనా?"

"ఆయనదే. కోడి కెలికినట్టు లేదూ?"

"'రెండింటికి లేచాను. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగమన్నారు కాబట్టి దిగాను. హాల్లో కూర్చుని బట్టలు మడతపెట్టాను.' అదే రెండింటికి వాచీ ఏమందో తెలుసా? గాఢనిద్ర!"

"బట్టలు మడతపెట్టేది మీరా? నేనే పెట్టి మర్చిపోతున్నానని రెండు వారాల్నుంచీ బెంగపడి చస్తున్నాను!"

"అంటే నిద్రలో లేచి నడుస్తున్నారన్నమాట. నిద్రలోనే మడతపెట్టి, నిద్రలోనే డైరీ రాసి..."

"నిద్రలోనా? నేనా?"

"అలాంటి మనిషిని అంత ఎత్తున కూర్చోబెట్టమని నేను సంతకం పెట్టలేనండీ. పైగా ఈ ఊపిరి సంగతి వదిలేస్తే గుండెకి చేటు. ముక్కుకి పెట్టుకునే మిషనుంది, గాలి ఆగకుండా అందిస్తుంది. ఇవాళే రాసిస్తాను."

"రాయండి, రాయండి! పాపం మా ఆయన!"

"గుండెకా? నిజంగా గుండెకేనా?"

"నిజంగానే."

"అయితే ఆ మిషను నాక్కాదు. ఆవిడకివ్వండి."

"నాకెందుకు?"

"వాచీ నీ చేతికి కట్టాను."

"ఏంటీ?"

"నువ్వు పడుకోగానే కట్టి, తెల్లారకముందే విప్పేవాణ్ణి. ఇంట్లో హాయిగా నిద్రపోయేది నువ్వొక్కదానివే. నీ నిద్ర చూపిస్తే నాకు కాగితం వస్తుందనీ..."

"పధ్నాలుగు రాత్రులూనా? దొంగమొహమా!"

"పిడుగు పడ్డా లేవవుగా మరి!"

"నేను గురక పెడతానా? సంగీతం టీచర్ని!"

"శ్రుతిలోనే పెడతావులే."

"నవ్వకండి డాక్టరుగారూ!"

"క్షమించండమ్మా, ఆగట్లేదు. సరే, మిషను మీకు. మీ ఆయనకి ఇవాళ సంతకం లేదు. రెండు వారాలు సీటు ఉంచమని వాళ్ళ ఆఫీసుకి నేను రాస్తాను. ఈసారి వాచీ మీ చేతికే ఉండాలి సార్. ఇంతకీ మీకెందుకు నిద్ర పట్టట్లేదు?"

"ఏదోలెండి."

"ఏదో అంటే?"

"ఈవిడ గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. అంతే, నాకు కళ్ళు తెరుచుకుంటాయి. మళ్ళీ మొదలయ్యేదాకా మూతపడవు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"గురకంటే నొచ్చుకుంటావని."

"మరి నన్నలా వదిలేసి హాల్లోకి ఎలా వెళ్ళారు?"

"తలుపు తీసే ఉంచేవాణ్ణి. కుర్చీ నీ వైపే తిప్పుకునేవాణ్ణి."

"ఆ బట్టలెందుకు మరి?"

"నీ గురక ఆగగానే ఒక చొక్కా మొదలుపెట్టేవాణ్ణి. మడత పూర్తయ్యేలోగా ఊపిరి తిరిగొస్తే సరే. రాకపోతే పరిగెత్తుకొచ్చి నిన్ను పక్కకి తిప్పేవాణ్ణి."