తిన్నగా జగదల్‌పూరు

విశాఖపట్నం పాతవూరు, 1983. దర్జీ ఖాజా ఇంటి ముందు గదిలోని కొట్టు. కుట్టు మిషను మీద మ్యాపు పరిచి కూర్చున్నవాడు పోర్టులో క్రేను నడిపే వరహాలు. ఇద్దరివీ గోడ కలిసిన ఇళ్లు.

"...అనంతగిరి కాడ బండి ఆపేత్తాం బావా. రేడియేటర్లో నీల్లు పోత్తాం, మనం జీలుగు కల్లు పోసుకుంతాం."

"నాను తాగను కదా వరాలూ."

"నీకు నిమ్మసోడా. సీసాలు డిక్కీలో ఏసేసాను. మర్నాడు అరకు, కోరాపుట్టు, జయపురం. అక్కణ్నించి జగదల్‌పూరు దాకా ఇప్పసారా సీమే. ఊరికో రుసి అంట. సోమారం నించి పోర్టులో లీవు కూడా ఇచ్చేసారు."

"కల్లూ సారా నాకొద్దు. కొండలు సూపించు సాలు. నలబై ఏల్లుగా ఈ మిసను ముందే కూకున్నాను. యారాడ కొండ తప్ప మరోటి ఎరగను. అదీ దూరాన్నించే."

"ముందు సీటు నీదే బావా, కిటికీ పక్కన."

"కిటికీ అనకు. వంటగదికి కిటికీ పెట్టించమని తాహెరా పదేల్లై నా పేనం తీత్తంది. రేపు, ఎల్లుండి అంతన్నాను. పాపం, దాన్ని ఎలమంచిలి కూడా దాటించలేదు నాను. సిగ్గేత్తాది."

"ఇప్పుడు దాటిత్తన్నావ్ కదా. సెల్లెమ్మని సామాన్లు సర్దుకోమను. వంటగది సామాను ముందర."

"వంటగది సామానెందుకు? దారి పొడుగునా ఓటేల్లున్నాయన్నావ్."

"ఉన్నాయి. ఉన్నా సర్దుకోమను."

"సర్లే. కార్లో ఎవరెవరు?"

"మన రెండు జంటలూ. గురునాథరావు మేస్టారు. బజ్జీల పైడితల్లి."

"గురునాథరావా? మీ ఇద్దరికీ రెండేల్లై మాటల్లేవు."

"నిన్న పలకరించాను."

"మరి పైడితల్లెందుకు?"

"ఆవిడ మాత్రం కొండలు సూడొద్దేటి?"

"ఏదీ, మేపు ఇటియ్యి. ఈ ఎర్ర పెన్సిలు గీతేటి? మొదట్లో స్కేలెట్టి గీసినట్టుంది."

"అది మన ఈది."

"మన ఈది ఇటుంది. నీ గీత అటెల్తంది."

"సోడాలో ఉప్పెయ్యాలా, పంచదారెయ్యాలా బావా?"

"మాట మార్సకు. కారు సెడ్డులో ఎటు మొకం ఎట్టావు?"

"ఏలంలో కొన్నాక నలుగురం తోసుకొచ్చాం కదా. ముక్కు గోడేపు."

"అయితే ఎనక్కి తీయాల. రివర్సు రాదేటి నీకు?"

"ఓడలోంచి ఇనప కట్టలు దింపేవోడికి రివర్సు రాదా? అది కాదు. సుక్రోరం మా ఇంటిది కాశమ్మ బండికి పూజ సేసేసింది. ముందు సక్రాల కింద నిమ్మకాయలెట్టేసింది."

"ఎడితే?"

"పూజయ్యాక బండి మొదటిసారి కదిలినప్పుడు ఆటిని తొక్కుకుంటా ముందుకే ఎల్లాల. ఎనక్కెల్తే అరిష్టం. తను ఎక్కనంది."

"ఆటిని తీసి ఎనక సక్రాల కిందెట్టు."

"అదీ అడిగాను. మొక్కి ఎట్టిన కాయలు కదపకూడదంట. రెండ్రోజులు బతిమాలాను. మా అన్న లారీ మొదటి రోజే ఎనక్కెల్లి కాలవలో పడింది, నీకూ అదే గతి కావాలా అని ఏడిసింది. దాన్నొగ్గేసి నానొక్కణ్నీ కొండలెక్కలేను బావా."

"ముందుకెల్తే గోడుంది."

"ఉంది."

"గోడవతల మా వంటగది."

"అవును."

"వంటగది దాటితే గురునాథరావు పెరడు. అది దాటితే పైడితల్లి బజ్జీల బడ్డీ."

"అదీ దాటితే మెయిన్ రోడ్డే. తిన్నగా. తాపీమేస్త్రీకి సెప్పేసాను బావా. మనం తిరిగొచ్చేసరికి అన్నీ మల్లీ కట్టేత్తాడు."

"మేస్టారు ఒప్పుకున్నాడా?"

"ముందు సీటిత్తే ఒప్పుకుంతానన్నాడు."

"ముందు సీటు నాదన్నావ్."

"ఆయన పెద్దోడు కదా బావా..."

"ఆయనది పెరటి గోడ. నాది వంటగది. అందునా మొదటి గోడ మాది. మొదటి గోడ ఎవుడిదో ముందు సీటు ఆడిదే. కాదన్నావా, ఇటిక కదపనివ్వను."

"సరే. నీదే. మేస్టారికి నాను సెప్పుకుంతాను. మరి సెల్లెమ్మ ఒప్పుకుంతాదా?"

"అదే నాకూ బయిం. ఆ వంటగది దాని పేనం. తాహెరా, ఓసారిలా రా. కోపం తెచ్చుకోకు, నెమ్మదిగా ఇను. వరాలు కారు బైటికి తియ్యాలంటే..."

"ఇన్నాను. గిన్నెలు నిన్ననే పెట్లో సర్దేసాను. మేస్త్రీకి కిటికీ కొలత కూడా ఇచ్చాను, నాలుగడుగులు. వరాలన్నా, కాశమ్మొదిన మీద కోపగించుకోకు. ఆ నిమ్మకాయలు ఇచ్చింది నానే, ముందు సక్రాల కిందే ఎట్టమన్నదీ నానే."