సగం ఎత్తు

వాళ్ళిద్దరూ బ్యాలేలో జోడీ. పొద్దున రిహార్సల్లో అతను ఆమెను పైకెత్తుతుండగా ఇద్దరూ పడ్డారు. ఆస్పత్రి గదిలో అతను భుజానికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆమె పక్కన కుర్చీలో కూర్చుని, ఎడమకాలు కుర్చీ కిందికి ముడుచుకుంది.

“మళ్ళీ అదే మాట! నీ తప్పు కాదన్నానా?”

“నాదే. ముమ్మాటికీ నాదే. ఎత్తలేకపోయింది నేనేగా.”

“భుజం కలుక్కుమన్నా వదల్లేదు నువ్వు. నన్ను నీ మీద పడేసుకున్నావ్. నాకు గీత కూడా పడలేదు.”

“పోన్లే, పిచ్చుక బతికింది.”

“నవ్వించకు. మీ అమ్మగారు వరండాలో నన్ను పట్టుకుని, ‘నీకేం తగల్లేదు కదా తల్లీ’ అని ఒళ్ళంతా తడిమారు. నాకు తల కొట్టేసినట్టయింది.”

“నీకెందుకూ?”

“ఏం లేదు. నీళ్ళు తాగుతావా?”

“ఇప్పుడేగా తాగించావ్. డాక్టరు ఏమన్నాడు?”

“రెస్టు తీసుకోమన్నాడు.”

“మళ్ళీ ఎత్తగలనా?”

“దిండు సర్దనా?”

“దిండు బాగానే ఉంది. అడిగింది చెప్పు.”

“...ఎత్తకూడదట. ఇంక ఎవర్నీ.”

“అదీ సంగతి.”

“ఏదో ఒకటి మాట్లాడు, నీకు దణ్ణం పెడతా.”

“పైనుంచి ఎలా ఉంటుందే? ఇన్నాళ్ళూ ఎత్తానేగానీ, ఎప్పుడూ అడగలేదు.”

“కింద నీ చేతులున్నాయన్న సంగతే గుర్తుండదు. అంత హాయి.”

“ఆ మాట చాలు నాకు. ఏడవకు.”

“తిట్టరా! నోరారా తిట్టు నన్ను. చూసేవాళ్ళు అంతా నీ బలమే అనుకుంటారు. సగం ఎత్తు నేను ఎగరాలి కదా, మిగతా సగమే నీది. ఇవాళ నేను ఎగరలేదు. బస్తాలా నీ చేతుల్లో పడ్డా.”

“తెలుసు.”

“తెలుసా?”

“నడుం పట్టుకున్నవాణ్ణి. నువ్వు ఊపిరి బిగబట్టినా తెలుస్తుంది.”

“మరి ఎందుకు ఎత్తావ్? ఆపేయొచ్చుగా!”

“మధ్యలో వదిలితే ఆ కాలి మీదే పడేదానివి.”

“...ఏ కాలు?”

“కుర్చీ కింద దాచావే, అది.”

“ఎప్పట్నుంచి తెలుసు?”

“మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు చూడు, ఆ రోజు నుంచి.”

“అయ్యో! కాలు దెబ్బతిందని డాన్సు మాస్టారికి తెలిస్తే నా పాత్ర ఇంకొకరికి ఇచ్చేస్తారని నోరు మూసుకున్నా. నా స్వార్థానికి నీ భుజాన్ని బలిపెట్టా. ఇప్పుడే వెళ్ళి ఆయనతో మొత్తం చెప్పేస్తా.”

“కూర్చో.”

“నన్ను ఆపకు, ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ...”

“కూర్చోవే! ఆయనకి ముందే అనుమానం వచ్చింది. నిన్న నన్ను పక్కకి పిలిచారు. ‘రోజూ ఎత్తేవాడివి నువ్వు. ఆ అమ్మాయి కాలు ఎలా ఉంది? నీ మాటే నమ్ముతా’ అన్నారు.”

“నువ్వేమన్నావ్?”

“నిన్ను మారిస్తే నన్నూ మార్చేస్తారు. కొత్తపిల్లతో ప్రదర్శనలోపు నాకు కుదరదని ఆయనకీ తెలుసు.”

“ఏమన్నావ్ రా?”

“‘కాలు భేషుగ్గా ఉంది మాస్టారూ, పూచీ నాది’ అన్నాను.”