వెన్నకు చుట్టిన ప్లాస్టిక్ కాయితం

సభాధ్యక్షులు, పంచాయతీ ప్రెసిడెంటు కామాక్షయ్య గారికి, ఇందుకూరుపేట పెద్దలకు, ఇన్నేళ్లూ నా వెనకాల మురుగుకాలవలన్నీ తిరిగిన మా బంట్రోతు మస్తానయ్యకు నమస్కారాలు. నాలో ఇంత మంచి ఉందని రిటైరయ్యే ఈ పూటే తెలిసింది. (నవ్వులు) శానిటరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే తలుపులు మూసుకున్నవాళ్లే ఇవాళ దండలు వేశారు. సంతోషమే. కానీ అలిసిపోయాను, నిలబడే ఓపిక కూడా పెద్దగా లేదు, అందుకని ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

అరవై మూడులో మద్రాసు నుంచి మెత్తటి ప్లాస్టిక్ కాయితం వచ్చినప్పుడు అందరికంటే మురిసిపోయినవాణ్ణి నేనే. ఈగ వాలదు, దుమ్ము పడదు, లోపలి సరుకు చక్కగా కనబడుతుంది. సంతలో వెన్న తామరాకులో అమ్మకూడదు, ఈ కాయితంలోనే చుట్టాలని నోటీసు అంటించాను. అదుగో, ఆ చివర కూర్చున్న మాలకొండమ్మ ఆ రోజే అడ్డం తిరిగింది. "అయ్యా, వెన్న ఊరికే ఉండదు, పక్కనుండేదాన్నంతా లాక్కుంటాది. ఈ కాయితం కంపు దాంట్లోకి దిగతాది" అనింది. నాకే చెప్పొచ్చావా అని అందరి ముందూ కసిరి, ఆమె తట్టను సంతలోంచి లేపించాను. మళ్లీ ఆమె సంతకు రాలేదు.

తర్వాత మా ఇంట్లోనే చూశాను. నాలుగు రోజులు వెన్న చుట్టి ఉంచిన కాయితం విప్పబోతే బిర్రబిగిసి ఉంది, వెన్నేమో కాయితం వాసన కొడుతోంది. "దీని మెత్తదనం ఎక్కడికి పోయిందండీ?" అని మా ఆవిడ ఎలిశబెతు అడిగింది. కాయితాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే మందు వెన్నలోకి దిగిందని నాకప్పుడు అర్థమైంది. మూడుసార్లు పైవాళ్లకు శాంపిలు పంపాను. మూడుసార్లూ వనస్పతి కల్తీ లేదని జవాబొచ్చింది. నేనడిగింది అది కాదు. నాలుగోసారి రాసే ఓపిక లేకపోయింది. నిజం చెప్పాలంటే, నోటీసు పెట్టింది నేనేనని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నాలుగేళ్లు మీ పిల్లల చేత ఆ వెన్న తినిపించాను.

ఇప్పుడు నాలుగున్నర. ఐదింటిదాకా నేను ఉద్యోగినే. ప్రెసిడెంటు గారు కోపగించుకోకూడదు, ఆ నోటీసు ఈ పొద్దున నా చేతులతోనే చించేశాను. రద్దు చేస్తూ రాసిన ఉత్తరువు ఇదిగో, మీ ముందే సంతకం పెడుతున్నాను. పైవాళ్లు సంజాయిషీ అడిగి పింఛను ఆపుతారని మస్తానయ్య పొద్దుటినించీ భయపడుతున్నాడు. ఆపితే ఆపనీ.

దండలకు, మీ ఓర్పుకు కృతజ్ఞతలు. అమ్మా మాలకొండమ్మా, నీకు పెద్ద అన్యాయం చేసినాను. వచ్చే శుక్రవారం తామరాకులు తీసుకుని సంతకు రా. తట్ట లేపించింది నేనే, దించడానికీ నేనే వస్తాను. ఇక సెలవు.