అక్క ఊడదీసిన ఫారం

ఏంటమ్మడూ, రెండొందల ఎనిమిదో పేజీ తర్వాత రెండొందల ఇరవై ఐదా? అచ్చు తప్పు కాదులే, మీ అమ్మమ్మ పని అది. ఆఁ, మా అక్కే. అప్పట్లో కవికుర్రాళ్లు కొందరు మన బైండింగు షాపు వెనకగదిలోనే పడుండేవాళ్లు. ఆరుగురు మనుషులు, మూడు చొక్కాలు. అందులో పొడుగాటివాణ్ణి అక్క 'నిట్రాడు' అనేది. వాడేం రాసినా ముందు అక్కకే చదివి వినిపించేవాడు. అక్క సూది ఆపకుండా, 'రెండో పాదం తీసెయ్, నడుస్తుంది' అనేది. తీసేస్తే నిజంగానే నడిచేది! 'నా నవల్లో నీకో అధ్యాయం ఖాయం' అన్నాడు వాడు. పైకి విదిలించుకుంది గానీ, ఇరవయ్యేళ్లు ఎదురుచూసిందమ్మా. వచ్చింది చివరికి ఆ నవల. తొమ్మిదొందల పేజీలు! తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. అచ్చయిన ఫారాలు, అదే, పదహారేసి పేజీల కాగితాలు, మడిచి కుట్టడానికి మన దగ్గరికే వచ్చాయి. అక్క మడుస్తూ చదవడం మొదలెట్టింది. 'ఒరేయ్, మళ్లీ టీ తాగార్రా.' కాసేపాగి, 'మళ్లీ ప్రపంచాన్ని మార్చేస్తామని ఒట్టేసుకున్నారు. మళ్లీ వానలో తడిశారు, ఒక్కడికీ జలుబు రాదు. ఇంతమంది కవులున్నారు, ఒక్క కవితా లేదేంట్రా! పెళ్లివారంతా వచ్చారు, పెళ్లికూతురేది?' ఇలా గొణుగుతూ గొణుగుతూ, రెండొందల తొమ్మిది దగ్గర మడవడం ఆపేసింది. అందులో ఉంది తను. చదువురాని పిల్లట. కవిగారికి టీ అందిస్తూ, కళ్లప్పగించి చూస్తూ, జ్వరమొచ్చి చచ్చిపోయిందట. 'నన్ను చంపడానికి పదహారు పేజీలు తీసుకున్నాడ్రా, ఒక్క పేజీ చాలదూ' అని నవ్వింది. నవ్విందనే అనుకో. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం నాలుగుసార్లు పట్టింది ఆవేళ. తన కాపీలోంచి, అదే నీ చేతిలో ఉన్నది, ఆ ఫారం ఊడదీసి, మిగతాది మళ్లీ కుట్టేసింది. నిట్రాడు వచ్చి, 'ఎలా ఉంది?' అన్నాడు. 'కుట్టు బాగా కుదిరింది' అంది. మెచ్చుకుందనుకుని వాడు పొంగిపోయాడు, వెర్రివెంగళప్ప! ఆ ఫారమా? బైండరు కాగితం పారేస్తుందా? పనికిరానిదైతే ఇంకో పుస్తకం వెన్నుకి లోపల అంటిస్తాం, గట్టిదనానికి. అదిగో, పై అరలో సన్నటి నీలం అట్ట నోటుబుక్కు, దాని వెన్నులో ఉంది. ఎవరిదేంటి, అక్కదే, అక్క చేతిరాతే. 'చదువురాని పిల్ల' రాసుకున్న కవితలు. ముప్పై రెండు పేజీలు, ఎక్కడా ఎవరూ టీ తాగరు. చదువు, చదువు. వెన్ను మాత్రం విప్పకు. ఆ కుట్టు తెగితే మళ్లీ అలా వెయ్యడానికి అక్క లేదుగా... ఆ కిటికీ వెయ్యమ్మడూ, గాలి కొడుతోంది.