దూరం చెప్పే స్కోపు

అమెరికాలోని మోంటానా కొండల కింద తుపాకుల దుకాణం. యజమాని మార్వా; పైన వేట శిబిరం నడిపేదీ ఆమే. బల్లకు ఇవతల ఆర్విల్, ఏటా ఆ శిబిరానికి వచ్చే ముసలాయన. కిందటేడు అతని గుండు పొట్టలో తగిలిన ఎల్క్ దుప్పి ఎక్కడికో పోయి చచ్చింది.

"దూరం తనే చెప్పే స్కోపు కావాలన్నానుగా, మార్వా."

"అలాంటివి రెండున్నాయి. ఇది తేలిక. అది బరువు గానీ, మంచు పడుతున్నా చెబుతుంది."

"బరువుదే ఇవ్వు."

"మీరేనా? ఇవి పెట్టుకున్నవాళ్లని టీవీ మోసుకుని వేటకొచ్చారని ఎగతాళి చేసేవారు."

"కాలం మారింది."

"కాలమా, కిందటేటి దుప్పా?"

"ముందు చూడనీ."

"కిటికీలోంచి ఆ ధాన్యం గోదాము చూడండి. కంటితో అంచనా చెప్పి, తర్వాత బటన్ నొక్కండి."

"మూడొందల గజాలు."

"నొక్కండి. ఎంత?"

"నాలుగొందల అరవై."

"టోబిన్ మామయ్య అయితే కంటితోనే చెప్పేవాడు."

"ఆయన సంగతి ఇప్పుడెందుకు?"

"గైడు పని మాన్పించాను కాబట్టి. దూరం మూడొందలని తప్పు చెప్పాడని శిబిరంలో అందరి ముందూ మీరన్నారు కాబట్టి."

"మాన్పించమని నేనన్లేదు."

"ఆ దుప్పి కోసం మంచులో పడి ఒక్కడే తిరిగాడు. మీరు గుడారంలో పడుకున్నారు."

"మోకాలు నొప్పి."

"ఇప్పుడు దాణా కొట్లో బస్తాలు మోస్తున్నాడు. నిన్న ఎదురుపడితే నేనే తల తిప్పుకున్నాను. సొంత మేనమామ."

"బాగున్నాడా?"

"మీరే వెళ్లి అడగండి. రోడ్డుకి అవతలే."

"స్కోపు నా తుపాకికి బిగించు."

"మామయ్యని కళ్ల డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాను. చూపు శుభ్రంగా ఉందన్నాడు. మరి తప్పెందుకు చెప్పావు మామయ్యా అని అడిగాను. వేటకొచ్చినవాడి మాటకి గైడు ఎదురు చెప్పకూడదన్నాడు. అంతే."

"అంతేనా? ఇంకేమీ అన్లేదా?"

"ఇంకేమనాలి?"

"ఏం లేదు. బిగించు."

"ఆర్విల్ గారూ, ఇందులో అంకె మీ ఒక్కరికే కనబడుతుంది. ఈసారి గురి తప్పితే నెపం ఎవరి మీద వేస్తారు?"

"అందుకే కొంటున్నా. పక్కన ఇంకెవరూ ఉండక్కర్లేదు."

"ఆ రోజు మామయ్య ఎంతన్నాడు?"

"చెప్పాగా."

"శిబిరంలో చెప్పారు. తాగి ఉన్నారు. ఇప్పుడు నాకు చెప్పండి. మూడొందలన్నాడా?"

"వదిలెయ్, మార్వా."

"అన్నాడా, అన్లేదా?"

"అంకే చెప్పలేదమ్మా. భుజం పట్టుకుని, చాలా దూరం, కాల్చొద్దన్నాడు."