ఏడు రోజుల ఓడ విశ్రాంతి

డార్న్‌లీ అన్నని మట్టిలో పెట్టి వచ్చాక వాళ్ళ వరండాలో పదిమందిమి కూర్చున్నాం. నడవలేని పెద్దవాళ్ళని స్మశానం నుంచి నా మినీబస్సులోనే తీసుకొచ్చాను. పక్కింటివాళ్ళు చేపవడలు, చెట్టుబెరడు కాచిన చేదు మాబీ గ్లాసులు పంచుతున్నారు. వెల్డా వదిన గుమ్మం పక్కన కుర్చీలో, నల్లటోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డార్న్‌లీ హోల్డర్ తాపీమేస్త్రి. ఈ చిన్న దీవిలో మా ఊరు స్పైట్స్‌టౌన్, అందులో సగం గోడలు అతను కట్టినవే. తన గురించి మాత్రం బతికుండగా ఒక్క ముక్క చెప్పి ఎరగడు. పోయాక మేం మాత్రం ఏం చెప్పుకుంటాం?

చివరికి అతని కూతురు మార్సియాయే అడిగింది. "నాన్న జీవితంలో ఒక్కసారే సెలవు పెట్టాడు, ఆ ఓడ ప్రయాణానికి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అక్కడేం జరిగిందో ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవాడు. ఫిట్జ్ బాబాయ్, నువ్వూ వెళ్ళావుగా. నాన్న గురించి చెప్పు."

ఫిట్జ్ గిట్టెన్స్ మా ఊరి మంగలి. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ చుట్టి, గొంతు మీద కత్తి ఆనించి కథ మొదలుపెడతాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

"చెప్తానమ్మా, ఇవాళ చెప్పక ఇంకెప్పుడు చెప్తాను," అని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చర్చి లాటరీలో మీ నాన్నకి రెండు టికెట్లు తగిలాయి. మీ అమ్మతో వెళ్ళాల్సిందే, సరిగ్గా అప్పుడే మీ అమ్మమ్మ మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. 'టికెట్టు వృథా ఎందుకు, ఫిట్జ్‌ని తీసుకుపో' అంది మీ అమ్మ. సరేనని బ్రిడ్జ్‌టౌన్ రేవులో ఎక్కాం. పద్నాలుగంతస్తుల ఓడ. నేనేం అనుకున్నానంటే, ఏడు రోజులూ కాళ్ళు చాపుకుని పడుకోవాలి, ఒక్క తలకాయ కూడా ముట్టుకోకూడదు, విశ్రాంతంటే విశ్రాంతే. పడుకోనిస్తేగా! మొదటిరోజే కెప్టెన్ నా ముందునుంచి వెళ్ళాడు. నార్వేవాడు, తాటిచెట్టంత మనిషి. వెనకనుంచి తల చూస్తే ఎలకలు కొరికినట్టుంది. 'అయ్యా, ఎవరి పనిది?' అన్నాను. 'మా ఓడ మంగలి' అన్నాడు పాపం, సిగ్గుపడుతూ. వెంటనే జేబులోంచి కత్తెర తీశాను."

"సెలవుకి కత్తెర పట్టుకెళ్ళావా అన్నా?" అన్నాను నేను.

"ఒరేయ్ సిల్వన్, నువ్వు సెలవుకి వెళ్తే చేతులు ఇంట్లో విప్పి పెట్టి వెళ్తావా? విను. కెప్టెన్ క్రాఫు అందరూ చూశారు. తెల్లారేసరికి నా గది ముందు వరస. మూడువేలమంది ప్రయాణికులు, పదకొండో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా మెట్లన్నీ నిండిపోయి, భోజనాలు కూడా వరసలోనే తింటున్నారు. నేను కత్తిరిస్తున్నాను, జుట్టు సముద్రంలో పడుతోంది. ఎంత జుట్టంటే, మార్టినీక్ జాలర్ల వలల్లో మూడురోజులు చేప అన్నది పడలేదు, అంతా జుట్టే!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. ఫిట్జన్నకి ఊపొచ్చింది.

"నాన్న ఎక్కడున్నాడు అప్పుడు?" అంది మార్సియా.

"మీ నాన్నా? పైన ఎండలో, వాలుకుర్చీలో, మొహం మీద టోపీ పెట్టుకుని, నోరు తెరుచుకుని గురక! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగోరోజు సెయింట్ లూసియా పక్కగా పోతున్నాం. కెప్టెన్‌కి తీరిక లేదు కదా, అతను చక్రం పట్టుకుని ఓడ నడుపుతుంటేనే నేను గడ్డం గీస్తున్నాను. ఒక చెంప అయిందో లేదో, ఆకాశం నల్లబడిపోయింది. ఏం గాలి, ఏం అలలు! ఓడ ఇటు ఒరిగితే కెప్టెన్ ఇటు, ఓడ అటు ఒరిగితే కెప్టెన్ అటు, అతనితోపాటు నేనూ, నాతోపాటు కత్తీ. ఒక్క చుక్క రక్తం కారితే నా పేరు మార్చుకుంటాను! అంతలో ఇంత అల వచ్చి, సబ్బునురగతో సహా కెప్టెన్‌ని గోడకేసి కొట్టింది. స్పృహ లేదు. మూడువేల ప్రాణాలు. ఇక చక్రం పట్టేదెవరు?"

"డార్న్‌లీ పట్టుంటాడు. గట్టి చేతులు కదా," అంది పక్కింటి ముసలావిడ.

"వాడా! పరుగెత్తుకెళ్ళి 'లేవరా, చచ్చిపోతున్నాం' అని కుదిపితే, 'టీ అయిందా?' అని అటు తిరిగి పడుకున్నాడు. లాభం లేదని నేనే చక్రం పట్టాను. ఎడం చేత్తో చక్రం. కుడిచేత్తో ఏం పట్టుకున్నానో తెలుసా? నా తొడంత లావు తాడు. దానికి ఉచ్చు వేసి, తలచుట్టూ మూడుసార్లు తిప్పి విసిరితే, సెయింట్ లూసియాలో జంటకొండలు లేవూ, అందులో చిన్నదాని మెడకి పడింది. కాలు రెయిలింగుకి తన్నిపెట్టి పదకొండు గంటలు పట్టుకున్నాను. అందరూ మోకాళ్ళ మీద పడి ప్రార్థనలు. ఓడ లాగుతోంది, నేను లాగుతున్నాను. తాడు తెగలేదు, ముడి ఊడలేదు. ఇక ఏదో ఒకటి కదలాలి కదా? దీవి కదిలింది! సెయింట్ లూసియాకి సెయింట్ లూసియాయే, ఊళ్ళతో, అరటితోటలతో సహా మనవైపు జరిగింది. అబద్ధమైతే రేపు పొద్దున్నే మన దీవి ఉత్తరపు కొసకెళ్ళి చూసుకోండి, దాని కొండలు కనిపిస్తాయి. మీ తాతల కాలంలో కనిపించాయా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరి చూపూ మార్సియా మీదుంది. గ్లాసు కింద పెట్టి మూడోసారి అడిగింది.

"మరి నాన్న, బాబాయ్?"

"ఏం చెప్పనమ్మా, ఏడు రోజులూ నిద్రే. తిరిగొచ్చాక నేనే భుజాన వేసుకుని దింపాను."

"ఫిట్జ్," అంది వెల్డా వదిన. గొంతు పెంచలేదు. "ఇక చాలు."

"అది కాదు వదినా..."

"ఇరవైఏడేళ్ళు నీ షాపులో ఈ కథ చెప్పావు. ఎవరైనా 'నిజమేనా డార్న్‌లీ?' అనడిగితే, 'నేను నిద్రలో ఉన్నాను, నాకేం తెలుసు' అనేవాడు. ఆయనే అలా అంటుంటే కాదనడానికి నేనెవర్ని? నోరు మూసుకున్నాను. ఇవాళ పిల్ల అడుగుతోంది. తండ్రిని పాతిపెట్టి వచ్చి ఆయన గురించి అడుగుతోంది. ఇవాళ కూడా ఆయన్ని గురకపెట్టిస్తావా?"



వదిన మార్సియావైపు తిరిగింది. "రేవు దాటకముందే ఇతనికి వాంతులు పట్టుకున్నాయి. ఏడు రోజులూ మంచం మీదే. మీ నాన్న బకెట్టు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. కిటికీ కూడా లేని గదట అది. ఏ దీవిలోనూ కాలు పెట్టలేదు. నాకు గవ్వలదండ తెచ్చాడు. ఇది ఏ దీవిదని అడిగితే, ఓడలో కొట్లోదని చెప్పి, అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. 'ఎవరితోనూ అనకు వెల్డా, వాడు సిగ్గుపడతాడు' అన్నాడు."

ఫిట్జన్న ఏదో హాస్యమాడి తప్పించుకుంటాడనుకున్నాను. అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత మాట్లాడితే ఆ గొంతు నేనెరిగింది కాదు.

"నిజమేనమ్మా. నాలుగోరోజు డాక్టరు సూది వేశాడు, తగ్గలేదు. చచ్చిపోతానని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మీ నాన్న నా నుదురు పట్టుకునేవాడు. సిమెంటుకి గరుకెక్కిన అరచెయ్యి, తగిలితే గీసుకునేది. 'నువ్వన్నా వెళ్ళి చూసి రారా, దీవి వచ్చింది' అంటే, 'కొండలే కదా, ఎక్కడికి పోతాయి' అనేవాడు. దిగేముందు నాకు కొత్త దిగులు పట్టుకుంది. ఊళ్ళో అందరూ అడుగుతారు, ఏం చెప్పుకోను అన్నాను. 'నీకు తోచింది చెప్పు. నా సంగతి అడిగితే నిద్రపోయాడని చెప్పు, నేను మాట్లాడను' అన్నాడు. నిద్రపోయాడన్న మాట వాడు అందించిందే. దాన్ని ఇన్నేళ్ళు వాడుకున్నాను."

మార్సియా అతన్నే చూస్తోంది.

"ఒక్కటి మాత్రం చూశాం," అన్నాడు ఫిట్జన్న. "చివరిరోజు పొద్దున్న కాస్త నిలబడగలిగాను. నడుం పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. ఎదురుగా ఒక దీవి. పెద్ద కొండల్లేవు. చెరుకుతోటలు, వాటి మీద ఎండ. 'ఎంత బావుందిరా, ఇది ఏ దీవి?' అన్నాను. మీ నాన్న నవ్వాడు. 'మనదేరా' అన్నాడు. 'పుట్టినప్పటినుంచీ అందులోనే ఉన్నాం, ఎప్పుడూ చూడలేదు' అన్నాడు. రేవు వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం."

"తర్వాత?"

"అంతేనమ్మా. దిగి ఇంటికొచ్చాం."

మార్సియా కళ్ళు తుడుచుకుని, కుర్చీ లాక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది. "ఆ చివరిరోజు సంగతి మళ్ళీ చెప్పు బాబాయ్. నాన్న ఎలా నవ్వాడు?"

ఫిట్జన్న మళ్ళీ చెప్పాడు. నడుం పట్టుకోవడం, చెరుకుతోటలు, మనదేరా అనడం, అన్నీ అవే మాటలు. ఒక్కటి కూడా పెంచలేదు.